ఫీజు ఎంత పెట్టాలి? క్రిప్టో పంపేవాళ్లకి కొన్ని లెక్కలు

(బెంగళూరు మారతహళ్లిలో ఒక ఆదివారం తెలుగువాళ్ల సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్లకి వినిపిస్తోందా? వినిపిస్తోంది కదా. నిలబడ్డవాళ్లు మొహమాటపడకుండా ముందుకొచ్చి కూర్చోండి, ఇక్కడ కుర్చీలున్నాయి. ఇవాళ లెక్కలు చాలా ఉన్నాయి, నిలబడి వింటే అలిసిపోతారు.

క్రిప్టో కొనొచ్చా, కొనకూడదా, రేటు పెరుగుతుందా, ఇవేవీ నేను మాట్లాడను. ఇప్పటికే కొని పెట్టుకుని, ఒక చోటి నుంచి ఇంకో చోటికి పంపేవాళ్ల కోసం ఈ మాటలు. పంపేటప్పుడు వాలెట్, అంటే క్రిప్టో పంపడానికి వాడే యాప్, ఒక ప్రశ్న అడుగుతుంది. ఫీజు ఎంత? స్లో, నార్మల్, ఫాస్ట్ అని మూడు బటన్లు చూపిస్తుంది. మనలో ఎక్కువమంది ఏం చేస్తాం? టెన్షన్‌తో ఫాస్ట్ నొక్కేస్తాం. ఏదీ, చేతులెత్తండి, ఫాస్ట్ నొక్కేవాళ్లు ఎంతమంది? చూశారా, దాదాపు సగం హాలు.

అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. కష్టపడి సంపాదించిన డబ్బు, మధ్యలో ఎక్కడ ఇరుక్కుంటుందోనని భయం. కానీ ఆ భయానికి మనం కట్టే ధర కొన్నిసార్లు పంపే డబ్బులో పదో వంతు ఉంటుంది. అంతకన్నా ఎక్కువ కూడా ఉంటుంది, లెక్క చూపిస్తాను. ఆ ధర ఎలా తయారవుతుందో తెలిస్తే భయం తగ్గుతుంది, ఖర్చూ తగ్గుతుంది.

ముందు బిట్‌కాయిన్ సంగతి చూద్దాం. బ్యాంకులో, మనీ ట్రాన్స్‌ఫర్ కంపెనీలో, ఎంత పంపుతున్నామన్న దాన్ని బట్టి ఛార్జీ వేస్తారు కాబట్టి ఇక్కడా అలాగే ఉంటుందనుకుంటాం. ఉండదు. వెయ్యి రూపాయల బిట్‌కాయిన్ పంపినా, వంద కోట్లది పంపినా ఫీజు ఒకటే కావచ్చు. మళ్లీ చెప్తున్నాను, పంపే మొత్తానికీ ఫీజుకీ సంబంధం లేదు. ఇది ఒక్కటి మనసులో నాటుకుంటే మిగతాదంతా తేలిక.

మరి దేన్ని బట్టి? చోటుని బట్టి. బిట్‌కాయిన్‌లో సగటున పది నిమిషాలకి ఒక బ్లాక్, అంటే జనం పంపిన ట్రాన్సాక్షన్ల కట్ట, తయారవుతుంది. ఒక్కో బ్లాక్‌లో పట్టేది సుమారు పది లక్షల వర్చువల్ బైట్లు. పొట్టిగా వీబైట్ అందాం. ఆ పది లక్షల్లో మీ ట్రాన్సాక్షన్ ఎన్ని వీబైట్లు ఆక్రమిస్తుందో, ఒక్కో వీబైట్‌కి మీరు ఎన్ని సతోషీలు, అంటే బిట్‌కాయిన్‌లో అతి చిన్న చిల్లర, ఇస్తున్నారో, ఈ రెండూ గుణిస్తే అదే ఫీజు. బ్లాకులు కట్టేవాణ్ని మైనర్ అంటారు. అతను బ్లాక్ కట్టేటప్పుడు వీబైట్‌కి ఎవరు ఎక్కువ ఇస్తున్నారో చూసి వాళ్లని ముందు తీసుకుంటాడు. మీరెవరో, ఎంత పంపుతున్నారో అతనికి అనవసరం.

సంక్రాంతి ముందు రోజు మడివాలలో విజయవాడ బస్సు ఎక్కిన అనుభవం ఇక్కడ అందరికీ ఉంది కదా? బస్సువాడు మీ జీతం ఎంత అని అడగడు. ఎన్ని సీట్లు, ఏ రోజు, ఈ రెండే అడుగుతాడు. పదిమంది కుటుంబం పది టికెట్లు కొనాల్సిందే. అదే బస్సు, అవే సీట్లు, పండగ అయ్యాక రెండు రోజులకి వెళ్తే సగం ధరకి దొరుకుతుంది. బ్లాక్‌లో చోటు కూడా అలాగే. ఎంత చోటు కావాలి, ఎంత తొందరగా కావాలి, ఈ రెండే ప్రశ్నలు. రెండో ప్రశ్నకి జవాబు మీ దగ్గరే ఉంది, వాలెట్‌కి తెలియదు. అందుకే వాలెట్ చెప్పిన సంఖ్యని కళ్లు మూసుకుని ఒప్పుకోవద్దంటాను.

ఇప్పుడు లెక్కల్లోకి వెళ్దాం. ఒక బిట్‌కాయిన్‌లో పది కోట్ల సతోషీలు. లెక్క సులువు కోసం బిట్‌కాయిన్ కోటి రూపాయలనుకుందాం. ఇవాళ్టి రేటు ఇదేనని కాదు, గుండ్రంగా ఉంటుందని. అప్పుడు ఒక సతోషి పది పైసలు. బాగుంది కదా? నోట్లోనే లెక్క వేసుకోవచ్చు.

బీసీ1క్యూ అని మొదలయ్యే అడ్రస్ నుంచి ఒక మామూలు ట్రాన్సాక్షన్ పంపితే, అంటే ఒక ముక్క లోపలికి, రెండు ముక్కలు బయటికి, ఒకటి అవతలివాళ్లకి, ఒకటి మీకు తిరిగొచ్చే చిల్లర, అది 141 వీబైట్లు. ముక్కలంటే ఏమిటో కాసేపట్లో చెప్తాను. వీబైట్‌కి 1 సతోషి ఇస్తే 141 సతోషీలు, పద్నాలుగు రూపాయలు. 5 ఇస్తే 705 సతోషీలు, డెబ్భై రూపాయలు. 100 ఇస్తే? పద్నాలుగు వందల పది రూపాయలు. అదే ట్రాన్సాక్షన్, అదే చోటు. పద్నాలుగు రూపాయలకి వెళ్లాల్సింది పద్నాలుగు వందలకి వెళ్లింది.

ఒకటితో మొదలయ్యే పాత రకం అడ్రస్ నుంచి పంపితే ఇదే పని 226 వీబైట్లు తింటుంది. 2017 ఆగస్టులో సెగ్‌విట్ అనే మార్పు వచ్చాక కొత్త రకం అడ్రస్‌లకి చోటు తక్కువ పడుతోంది. మీ వాలెట్ ఇంకా ఒకటితో మొదలయ్యే అడ్రస్ ఇస్తుంటే సెట్టింగ్స్‌లోకి వెళ్లి మార్చుకోండి. ఒక్కసారి మారిస్తే ప్రతిసారీ మూడో వంతుకి పైగా మిగులుతుంది.

ఇప్పుడు అసలు విషయం. ఇది కాస్త నెమ్మదిగా చెప్తాను, ఎందుకంటే ఇక్కడే మనవాళ్లకి ఎక్కువ దెబ్బ తగులుతోంది.

వాలెట్ తెరిస్తే ఒకే ఒక బ్యాలెన్స్ కనిపిస్తుంది. కానీ లోపల అది ఒక ముద్దగా ఉండదు. మీకు ఎన్నిసార్లు వచ్చిందో అన్ని ముక్కలుగా ఉంటుంది. ఐదుసార్లు వస్తే ఐదు ముక్కలు. పంపేటప్పుడు వాలెట్ ఆ ముక్కల్లోంచి కావలసినన్ని ఏరి ట్రాన్సాక్షన్‌లో పెడుతుంది. ఒక్కో ముక్క పెట్టడానికి సుమారు 68 వీబైట్లు. ఎన్ని ముక్కలుంటే అన్ని అరవై ఎనిమిదులు.

ఇక్కడ చాలామంది కుర్రాళ్లు వారానికి రెండు వేలు చొప్పున కొని, కొన్న వెంటనే సొంత వాలెట్‌కి తెచ్చుకుంటారు. ఎక్స్ఛేంజ్‌లో, అంటే క్రిప్టో కొనే, అమ్మే కంపెనీలో, వదిలెయ్యకూడదు, తాళం మన దగ్గర ఉండాలి అని. ఆ జాగ్రత్త మంచిదే, నేను కాదనను. కానీ ఏడాది పాటు అలా చేస్తే ఏమవుతుంది? యాభై వారాలు, యాభై ముక్కలు, లక్ష రూపాయలు. ఆ లక్షా ఒకేసారి ఒక అడ్రస్‌కి పంపాలంటే యాభై అరవై ఎనిమిదులు 3400, పైన అవతలి అడ్రస్‌కీ మిగతా వివరాలకీ ఇంకో నలభై, మొత్తం 3440 వీబైట్లు. వీబైట్‌కి 5 సతోషీలున్న రోజున 17,200 సతోషీలు, అంటే 1,720 రూపాయలు. రద్దీగా ఉండి 50 పలుకుతున్న రోజున పదిహేడు వేల రెండు వందలు. లక్షకి పదిహేడు వేలు! అదే లక్ష ఒకే ముక్కగా ఉంటే, తిరిగొచ్చే చిల్లర లేదు కాబట్టి, 110 వీబైట్లు, అదే రద్దీ రోజున ఐదు వందల యాభై.

బోర్డు మీద రాస్తాను, ఫొటో తీసుకోవాలనుకునేవాళ్లు తీసుకోండి.

దీనికి మందు ఏమిటి? ఒకటి, ప్రతి వారం తెచ్చుకోకుండా కొన్ని నెలలది కలిపి తెచ్చుకోవడం. ఎక్స్ఛేంజ్ తీసే విత్‌డ్రాయల్ ఛార్జీ కూడా అప్పుడు ఒక్కసారే పడుతుంది. రెండు, ఇప్పటికే ముక్కలైపోయి ఉంటే, రద్దీ లేని రోజు చూసి మొత్తం మన అడ్రస్‌కే మనం పంపుకోవడం. యాభై ముక్కలు ఒక ముక్క అవుతాయి. వీబైట్‌కి 1 సతోషి నడుస్తున్న రోజున ఆ పని 344 రూపాయలతో అయిపోతుంది. తొందర లేని పని కదా, రెండు రోజులు ఆలస్యమైనా ఎవరికీ నష్టం లేదు. అయితే ఒక మాట, అలా కలిపితే ఆ ముక్కలన్నీ ఒకే మనిషివని బయటివాళ్లకి తెలిసిపోతుంది. గోప్యత ముఖ్యమనుకునేవాళ్లు అది కూడా ఆలోచించుకోవాలి.

మరీ చిన్న ముక్కలుంటాయి, వెయ్యి సతోషీలు, అంటే వంద రూపాయల ముక్కలు. వీబైట్‌కి 15 సతోషీలున్న రోజున ఆ ముక్కని కదపడానికే 1020 సతోషీలు కావాలి. ఉన్న డబ్బు కంటే ఖర్చు ఎక్కువ. బ్యాలెన్స్‌లో కనిపిస్తుంది, చేతికి రాదు. చిన్నచిన్న మొత్తాలు తరచుగా పంపేవాళ్లు, తీసుకునేవాళ్లు లైట్నింగ్ అనే, బిట్‌కాయిన్ మీద చిన్న చెల్లింపుల కోసం నడిచే నెట్‌వర్క్ వాడుకోవడం మంచిది. దాని గురించి ఇంకో రోజు మాట్లాడుకుందాం.

ఇక రెండో ప్రశ్న, తొందర. ఇవాళ వీబైట్‌కి ఎంత నడుస్తోందో ఎలా తెలుస్తుంది?

పంపిన ట్రాన్సాక్షన్లు బ్లాక్‌లోకి ఎక్కేదాకా వేచి ఉండే చోటుని మెంపూల్ అంటారు. అది ఒక్కటే ఉండదు, నెట్‌వర్క్‌లో ప్రతి నోడ్‌కీ, అంటే దాన్ని నడిపే ప్రతి కంప్యూటర్‌కీ, సొంత మెంపూల్ ఉంటుంది, కాకపోతే అన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. మెంపూల్ డాట్ స్పేస్ అనే సైట్ తెరిస్తే రాబోయే బ్లాకులు పెట్టెల్లా కనిపిస్తాయి. ఒక్కో పెట్టె మీద వీబైట్‌కి ఎంత అని రాసి ఉంటుంది. ఇదిగో, స్క్రీన్ మీద చూపిస్తున్నాను. ఎడమవైపు ఉన్నవి ఇంకా కట్టని బ్లాకులు, కుడివైపు ఉన్నవి కట్టేసినవి. మీకు గంటలో చేరితే చాలనుకోండి, మొదటి పెట్టె ధర ఎందుకు కట్టాలి? మూడో పెట్టె, నాలుగో పెట్టె ధర చూడండి. రేపటికి చేరితే చాలనుకుంటే ఇంకా వెనక్కి వెళ్లండి.

మరి వాలెట్ కూడా ఇదే చూసి చెప్తుంది కదా అంటారా? అన్ని వాలెట్లూ చెప్పవు. కొన్ని ఇప్పుడున్న వరసని చూస్తాయి. కొన్ని వెనక్కి చూస్తాయి, అంటే గత కొన్ని గంటల్లో ఎంత ఫీజు పెట్టినవాళ్లు ఎన్ని బ్లాకుల్లో వెళ్లారో లెక్కగట్టి చెప్తాయి. వెనక్కి చూసేదానితో చిక్కేమిటంటే, రద్దీ తగ్గిపోయాక కూడా పాత ధరే చెప్తూ ఉంటుంది. మా ఆఫీసులో ఒకబ్బాయి ఫోన్ తెచ్చి చూపించాడు. వాలెట్ వీబైట్‌కి 38 పెట్టమంటోంది. మెంపూల్ తెరిచి చూస్తే ముందు పెట్టె మీదే 4 ఉంది. పొద్దున ఎప్పుడో రద్దీ వచ్చిందట, మధ్యాహ్నానికి ఖాళీ అయిపోయింది, వాలెట్ ఇంకా పొద్దుటి లెక్కలోనే ఉంది. కస్టమ్ నొక్కి 5 పెట్టాడు. తర్వాతి బ్లాక్‌లోనే ఎక్కింది. ఆ కస్టమ్ అనే బటన్ ఒక మూల చిన్నగా ఉంటుంది, వెతకాలి. దయచేసి ఇంటికెళ్లి మీ వాలెట్‌లో అది ఎక్కడుందో చూసుకోండి. అసలు కస్టమ్ పెట్టనివ్వని వాలెట్ అయితే మార్చేయండి, అంత గట్టిగా చెప్తున్నాను.

వాలెట్ చేసేవాళ్ల వైపు నుంచి కూడా చూడండి. ట్రాన్సాక్షన్ ఆలస్యమైతే జనం వాళ్లనే తిడతారు. ఫీజు ఎక్కువైతే ఎవరూ గమనించరు. అందుకని సహజంగానే కాస్త ఎక్కువే చెప్తారు.

రద్దీ ఎప్పుడు తక్కువ? సాధారణంగా శని, ఆదివారాలు. అమెరికా నిద్రపోయే వేళలు. మనకి మధ్యాహ్నం పన్నెండు అయినప్పుడు న్యూయార్క్‌లో అర్ధరాత్రి దాటి ఉంటుంది. అంటే మన ఆదివారం భోజనాల వేళ పనికొచ్చే సమయం. హామీ ఏమీ లేదు, చూసుకుని పెట్టాలి.

రద్దీ పెరిగితే ఎంతదాకా పోతుందో చూడండి. 2024 ఏప్రిల్ 20న, మనకి తెల్లవారుజామున, 8,40,000వ బ్లాక్ వచ్చింది. అది హాల్వింగ్. మైనర్‌కి కొత్తగా పుట్టే బహుమతి 6.25 నుంచి 3.125 బిట్‌కాయిన్‌లకి తగ్గింది. సరిగ్గా అదే బ్లాక్‌తో బిట్‌కాయిన్ మీదే రూన్స్ అనే కొత్త టోకెన్ల పద్ధతి మొదలైంది. మొదటి టోకెన్లు మనవే కావాలని జనం ఎగబడ్డారు. ఆ ఒక్క బ్లాక్‌లో ఫీజులే 37 బిట్‌కాయిన్‌లు దాటాయి. ఆ రోజు సగటు ఫీజు వంద డాలర్లు దాటింది. ఆ రోజు ఫాస్ట్ నొక్కిన మామూలు మనిషి, తనకి రూన్స్ అంటే ఏమిటో కూడా తెలియని మనిషి, తన తమ్ముడికి ఐదు వేలు పంపబోయి ఎనిమిది వేలు ఫీజు చూశాడు. ఏం చెయ్యాలి అప్పుడు? ఆగాలి, అంతే. కొద్ది రోజుల్లో ధర దిగిపోయింది. 2017 డిసెంబర్‌లోనూ ఇలాగే సగటు ఫీజు యాభై డాలర్లు దాటి, తర్వాత దిగింది. ఆగగలిగిన పని ఆపండి, ఆగలేని పనికి మాత్రం ధర కట్టండి.

ఫీజు సరిగ్గా పెట్టినా ఒక్కోసారి ఆలస్యం అవుతుంది. పది నిమిషాలు అనేది సగటు. ఏ క్షణంలో లెక్కపెట్టడం మొదలుపెట్టినా, అరగంట దాకా బ్లాక్ రాకపోయే అవకాశం ఇరవైలో ఒకటి. రోజుకి 144 బ్లాకులు కాబట్టి, గంట దాటిన విరామం సగటున సుమారు మూడు రోజులకోసారి వస్తుంది. అలాంటప్పుడు కంగారుపడి ఫీజు పెంచకండి. బ్లాకే రాకపోతే ఎంత ఇచ్చినా ఎక్కడ ఎక్కుతారు? ఇంకోటి, ఎక్స్ఛేంజ్ వాళ్లు మూడు కన్ఫర్మేషన్లు, ఆరు కన్ఫర్మేషన్లు అడుగుతారు. మీది బ్లాక్‌లోకి ఎక్కితే మొదటి కన్ఫర్మేషన్, దాని తర్వాత వచ్చే ఒక్కో బ్లాక్‌తో ఇంకోటి. మీ ఫీజు పని మొదటి కన్ఫర్మేషన్ వరకే. మిగతావి వాటంతటవే వస్తాయి, డబ్బిచ్చి తొందరపెట్టలేరు.

సరే, తక్కువ పెట్టారు, ఇరుక్కుంది. ఇప్పుడేం చెయ్యాలి? మొట్టమొదట, డబ్బు పోలేదు. మధ్యలో ఎక్కడా వేలాడుతూ లేదు. బ్లాక్‌లోకి ఎక్కేదాకా అది ఇంకా మీ అడ్రస్‌లోనే ఉన్నట్టు. మామూలు సెట్టింగ్‌లో నోడ్లు రెండు వారాలు చూసి ఆ ట్రాన్సాక్షన్‌ని తమ మెంపూల్‌లోంచి తీసేస్తాయి. ఇది తెలియక రాత్రంతా నిద్రపోనివాళ్లని చూశాను నేను.

ఆగలేకపోతే రెండు దారులు. మొదటిది పంపినవాళ్లు చేసేది. అదే ట్రాన్సాక్షన్‌ని ఎక్కువ ఫీజుతో మళ్లీ పంపడం. దాన్ని ఆర్‌బీఎఫ్ అంటారు, వాలెట్‌లో బంప్ ఫీ అనో స్పీడప్ అనో ఉంటుంది. ఈ సదుపాయం ఉంటే మొదటే ఎక్కువ పెట్టాల్సిన అవసరమే లేదు. తక్కువతో మొదలుపెట్టి, కదలకపోతే పెంచుకోవచ్చు. పెంచడం కుదురుతుంది, తగ్గించడం కుదరదు. అందుకే కింద నుంచి మొదలుపెట్టమంటాను.

రెండోది తీసుకునేవాళ్లు కూడా చెయ్యగలిగింది. వస్తున్న ఆ ముక్కని, ఇంకా కన్ఫర్మ్ కాకముందే, ఎక్కువ ఫీజుతో మళ్లీ మీకే మీరు పంపుకోవడం. మైనర్‌కి ఆ రెండో దాని ఫీజు కావాలంటే మొదటిదాన్ని కూడా ఎక్కించుకోక తప్పదు. లెక్క చూడండి. మొదటిది 141 వీబైట్లు, వీబైట్‌కి 2 చొప్పున 282 సతోషీలు పెట్టారు. ఇప్పుడు 10 నడుస్తోంది. రెండోది 110 వీబైట్లు. రెండూ కలిపి 251, పది చొప్పున 2510 కావాలి. 282 ఇప్పటికే ఉంది, కాబట్టి రెండోదానికి 2228 పెట్టాలి. రెండోదానికి మాత్రమే పది చొప్పున 1100 పెడితే సరిపోదు. చాలామంది ఇక్కడే పొరబడి, పెట్టినా కదల్లేదేమిటని అడుగుతుంటారు.

ఎవరో అడుగుతున్నారు, పొరపాటున ఎక్కువ పెడితే నెట్‌వర్క్ ఆపదా అని. ఆపదండి. లోపలికి పెట్టినదాంట్లోంచి బయటికి పంపినది తీసేస్తే మిగిలిందంతా ఫీజే. అది సబబా కాదా అని అడిగేవాళ్లు అక్కడ ఎవరూ లేరు. 2023 సెప్టెంబర్‌లో అమెరికాలోని పాక్సోస్ అనే కంపెనీ 0.074 బిట్‌కాయిన్ పంపుతూ దాదాపు 20 బిట్‌కాయిన్‌లు ఫీజుగా పెట్టేసింది, అప్పటి విలువలో సుమారు ఐదు లక్షల డాలర్లు. సాఫ్ట్‌వేర్ లోపం. ఆ బ్లాక్ కట్టిన ఎఫ్2పూల్ తిరిగి ఇచ్చేసింది, అది వాళ్ల మంచితనం. ఇవ్వాలన్న నియమం ఎక్కడా లేదు. అంచేత పంపే ముందు చివరి స్క్రీన్‌లో ఫీజు అన్న లైన్‌ని రూపాయల్లో చదవండి. సతోషీల్లో చూస్తే సున్నాలు తెలియవు.

ఈథీరియం అనే ఇంకో నెట్‌వర్క్ సంగతి కాస్త వేరు, దాని కాయిన్ ఈథర్. 2021 ఆగస్టు 5న వచ్చిన లండన్ అప్‌గ్రేడ్‌తో ఫీజు రెండు భాగాలైంది. ఒకటి బేస్ ఫీ, దాన్ని నెట్‌వర్కే నిర్ణయిస్తుంది, ఆ డబ్బు ఎవరికీ చేరదు, కాలిపోతుంది. రెండోది టిప్, అది బ్లాక్ కట్టేవాళ్లకి. నెట్‌వర్క్ చేసే పనిని గ్యాస్‌లో కొలుస్తారు, ఈథర్ ఊరికే పంపితే 21,000 గ్యాస్. గ్వెయి అంటే ఈథర్‌లో వంద కోట్లవ వంతు, గ్యాస్‌కి 20 గ్వెయి ఉంటే 0.00042 ఈథర్. బిట్‌కాయిన్‌లో పెట్టినదంతా పోతుంది, ఇక్కడ మీరు పెట్టే మ్యాక్స్ ఫీ ఒక పైహద్దు మాత్రమే, ఆ క్షణంలో ఎంత నడుస్తోందో అంతే పోతుంది. కాబట్టి ఇక్కడ మ్యాక్స్ కాస్త పైకి పెట్టినా నష్టం లేదు. టిప్ మాత్రం చూసుకుని పెట్టండి, అది పూర్తిగా పోతుంది.

బేస్ ఫీ బ్లాక్ బ్లాక్‌కీ గరిష్ఠంగా 12.5 శాతం మారుతుంది. బ్లాక్ పన్నెండు సెకన్లకోటి. ఆరు నిండు బ్లాకులు వరసగా వస్తే, అంటే 72 సెకన్లలో, రెట్టింపు అయిపోతుంది. దిగేటప్పుడూ అంతే వేగం. అందుకే ఎక్కువ చూపిస్తే ఐదు నిమిషాలు ఫోన్ పక్కన పెట్టి మళ్లీ చూడమంటాను. ఇంకో రెండు జాగ్రత్తలు. ట్రాన్సాక్షన్ ఫెయిలైనా గ్యాస్ పోతుంది, ఎందుకంటే పని జరిగింది కదా. అలాగే ఒకటి ఇరుక్కుంటే దాని వెనక పంపినవన్నీ ఆగిపోతాయి, వరస నంబర్ ప్రకారమే వెళ్తాయి. ముందుదాన్ని అదే నంబర్‌తో ఫీజు పెంచి మళ్లీ పంపాలి.

యూఎస్‌డీటీ, అంటే డాలర్ విలువకి కట్టిన టోకెన్, పంపేవాళ్లు ఎక్కువమంది ఉన్నారు కదా ఇక్కడ? యూఎస్‌డీటీ చేతిలో ఉంటే చాలదు. ఈథీరియం మీద పంపాలంటే ఈథర్ ఉండాలి, ట్రాన్ అనే నెట్‌వర్క్ మీద అయితే దాని కాయిన్ టీఆర్‌ఎక్స్. అది లేక ఆగిపోయేవాళ్లే ఎక్కువ. ఇంకా, ఏ నెట్‌వర్క్ చౌకైతే అది నొక్కేయకండి. అవతలివాళ్ల అడ్రస్ ఏ నెట్‌వర్క్‌లో తీసుకుంటుందో అడిగి, అందులో పంపండి. ఫీజులో వంద మిగుల్చుకోబోయి మొత్తం పోగొట్టుకోవద్దు.

ఎక్స్ఛేంజ్ నుంచి పంపేటప్పుడు కనిపించే విత్‌డ్రాయల్ ఫీజు వేరే సంగతి. అది వాళ్లు పెట్టిన ధర, నెట్‌వర్క్ ధర కాదు. నెట్‌వర్క్ ఖాళీగా ఉన్నా వాళ్లది అలాగే ఉండొచ్చు. మెంపూల్ చూసి లాభం లేదు, ఎక్స్ఛేంజ్‌ల మధ్య పోల్చి చూసుకోవడమే. పన్ను వైపు కూడా ఒక్క ముక్క. 2022 నుంచి మన దేశంలో క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, కొన్న ధర తప్ప ఇంకే ఖర్చూ తీసెయ్యనివ్వరు. అంటే మీరు కట్టిన నెట్‌వర్క్ ఫీజు పూర్తిగా మీ జేబులోంచే.

ఇంకొక్క విషయం చెప్పి ఆపుతాను. ఇది చెప్పకుండా వెళ్తే నాకు నిద్ర పట్టదు.

ఫీజు పేరు చెప్పి దోచుకునేవాళ్లు ఉన్నారు. టెలిగ్రామ్‌లో పరిచయం, ఒక యాప్, అందులో మీ డబ్బు పది లక్షలైనట్టు కనిపిస్తుంది. తీసుకోబోతే గ్యాస్ ఫీజు అరవై వేలు ముందు కట్టండి అంటారు. కడితే వెరిఫికేషన్ ఫీజు అంటారు. అది కడితే ట్యాక్స్ అంటారు. ఇంతసేపు మనం వేసిన లెక్కలు గుర్తు పెట్టుకోండి. నెట్‌వర్క్ ఫీజు ట్రాన్సాక్షన్‌లోంచే పోతుంది. దానికి ఒక మనిషి ఖాతాకి, ఒక యూపీఐ ఐడీకి విడిగా డబ్బు కట్టడం అనేది ఉండదు. మొత్తంలో ఇంత శాతం గ్యాస్ అని ఎవరైనా అన్నారంటే అక్కడే అబద్ధం తెలిసిపోవాలి, ఎందుకంటే మొత్తానికీ ఫీజుకీ సంబంధం లేదని ఇప్పుడే చూశాం. అమ్మా, మీరు తలూపుతున్నారు, మీ ఇంట్లో పెద్దవాళ్లకి కూడా ఈ మాట చెప్పండి.

ఇంకో రకం ఉంది. ఎవరో అమాయకుడిలా యూట్యూబ్ కామెంట్‌లో తన వాలెట్‌ని తెరిచే తాళం లాంటి పన్నెండు పదాలు పెట్టేస్తాడు. తెరిచి చూస్తే నిజంగానే యూఎస్‌డీటీ ఉంటుంది, ఫీజుకి టీఆర్‌ఎక్స్ ఉండదు. కాస్త టీఆర్‌ఎక్స్ వేసి ఆ డబ్బు తీసుకుందామని ఆశపడతారు. ఆ వాలెట్‌లోంచి కదపడానికి ఇంకో తాళం కూడా కావాలి, అది వాడి దగ్గరుంటుంది. మీరు వేసిన టీఆర్‌ఎక్స్ మాత్రం పోతుంది.

ఇప్పటికే అలా కట్టినవాళ్లు ఎవరైనా ఉంటే ఇంక ఒక్క రూపాయి కూడా కట్టకండి. 1930కి ఫోన్ చెయ్యండి, సైబర్ నేరాల నంబర్, ఎంత తొందరగా చేస్తే అంత మంచిది. ట్రాన్సాక్షన్ ఐడీలు, చాట్ స్క్రీన్‌షాట్లు తుడిచేయకుండా ఉంచండి. పోయిన డబ్బు తిరిగి తెప్పిస్తామని, దానికీ ఫీజు అని ఇంకొకడు వస్తాడు, వాడూ అదే ముఠా.

నాకిచ్చిన టైం అయిపోయింది. ఎవరి ఫోన్‌లోనైనా ఇరుక్కుపోయిన ట్రాన్సాక్షన్ ఉంటే టీ తాగేటప్పుడు నా దగ్గరికి తీసుకురండి. పన్నెండు పదాలు మాత్రం నాకు కూడా చూపించకండి, ట్రాన్సాక్షన్ ఐడీ ఒక్కటి చాలు, ఇద్దరం కలిసి చూద్దాం.